భీమిలి వలందుల కథలో చెప్పని దీవి

సంపాదక మహాశయులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో భీమునిపట్నంలోని డచ్చివారి సమాధుల మీద ప్రచురించిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మన పెద్దలు డచ్చివారిని వలందులనీ, ఫ్రెంచివారిని పరాసులనీ పిలిచేవారు. మచిలీపట్నంలో వలందపాలెం అన్న పేరు నేటికీ ఉంది. ఆ పేటలో పుట్టి పెరిగినవారిలో కూడా చాలామందికి ఆ పేరు ఎక్కడిదో తెలియని రోజుల్లో ఇటువంటి వ్యాసం వేసినందుకు మిమ్మల్ని అభినందించాలి. అయితే వ్యాసంలో ఒక వాక్యం నన్ను ఈ ఉత్తరం రాయడానికి పురికొల్పింది. 1781లో ఆంగ్లేయులు డచ్చివారిని ఓడించి భీమిలిని స్వాధీనం చేసుకున్నారనీ, దానితో ఇక్కడ వారి కథ ముగిసిందనీ అందులో ఉంది. సంవత్సరం సరైనదే. ఎందుకు స్వాధీనం చేసుకున్నారో చెప్పకపోవడం వల్ల, ఈ తీరంలో బట్టల బేరం దగ్గరో రేవు సుంకం దగ్గరో ఇరుపక్షాలకూ తగవు వచ్చి అది యుద్ధం దాకా వెళ్ళిందని పాఠకుడు అనుకునే అవకాశం ఉంది. అటువంటి తగవేదీ ఇక్కడ రాలేదు. 1780 డిసెంబరు 20న లండన్‌లో ప్రకటించిన ఒక యుద్ధం నెలల తరువాత భీమిలిని తాకింది. ఆ యుద్ధానికి ముఖ్య కారణాల్లో ఒకటి, ఆ యుద్ధంలో మొట్టమొదట దెబ్బ తిన్నది, కరీబియన్ సముద్రంలోని సింట్ యూస్టేషియస్ అనే చిన్న దీవి. నేను డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. అమెరికా స్వాతంత్ర్య పోరాటాన్ని ఏటా చెప్పినా ఈ దీవి పేరు తరగతిలో ఒక్కసారి కూడా ఎత్తలేదన్న చిన్నతనం నన్ను బాధిస్తూనే ఉంది కనుక, ఉత్తరం కొంచెం పొడవైనా మన్నించగలరు.

స్థానికులు స్టేషియా అని పిలుచుకునే ఈ దీవి వైశాల్యం ఇరవై ఒక్క చదరపు కిలోమీటర్లు. మన దగ్గర ఒక మాదిరి గ్రామ పంచాయతీ పొలిమేరలు కూడా అంతకంటె విశాలంగా ఉంటాయి. ఒక కొసన క్విల్ అనే నిద్రాణమైన అగ్నిపర్వతం, దాని ఎదుట గట్టు మీద ఆరంజ్ కోట, కోట కింద ఇసుక ఒడ్డున మైలు పొడవునా గిడ్డంగులు. ఎదురుగా, ఆనాడు ఆంగ్లేయులదైన సెయింట్ కిట్స్ అనే దీవి కంటికి ఆనేంత దగ్గరలో ఉంటుంది. 1636లో డచ్చివారు అక్కడ స్థిరపడిన నాటి నుంచి పందొమ్మిదో శతాబ్ది మొదటి పాదం దాకా అది ఇరవై సార్లకు పైగా చేతులు మారిందని లెక్క చెబుతారు. సారవంతమైన నేలా లేదు, మంచినీటి వాగూ లేదు. అటువంటి రాతిముక్కను ‘బంగారు శిల’ అని ఆనాటి వర్తకులు పిలవడానికి కారణం దాని నేలలో కాక దాని చుట్టూ ఉన్న సామ్రాజ్యాల చట్టాలలో ఉంది.

ఆ కాలంలో ఇంగ్లండ్, ఫ్రాన్స్, స్పెయిన్ దేశాలు తమ వలసలు తమతో తప్ప వేరెవరితోనూ వ్యాపారం చేయరాదని శాసించాయి. మార్టినిక్ చక్కెర ఫ్రెంచి ఓడలోనే వెళ్ళాలి, జమైకా చక్కెర ఇంగ్లీషు ఓడలోనే వెళ్ళాలి. డచ్చివారు స్టేషియాను సుంకం లేని రేవుగా తెరిచి ఈ కంచెలన్నింటికీ ఒక దొడ్డిదారి ఏర్పరిచారు. యుద్ధం వచ్చినప్పుడల్లా ఆ దారి మరింత రద్దీ అయ్యేది, ఎందుకంటే 1674 నాటి ఒప్పందం ప్రకారం తటస్థంగా ఉన్న డచ్చి ఓడలోని సరకును, అది ఆయుధసామగ్రి కానంతవరకు, ఇంగ్లీషు నౌకాదళం ముట్టుకోకూడదు. దీవిలో పండే చక్కెర కంటె ఎన్నో రెట్లు చక్కెర దీవి నుంచి ఎగుమతి అయ్యేదంటే ఆ చక్కెర ఎక్కడిదో ఊహించవచ్చు. ఏడాదికి రెండు మూడు వేల ఓడలు అక్కడ లంగరు వేసేవి. 1775 జనవరిలో జానెట్ షా అనే స్కాట్లండ్ స్త్రీ ఆ వీధిలో నడిచి తన దినచర్యలో రాసుకున్న వర్ణన చదివితే మన పాత బందరు రేవు కళ్ళ ముందు మెదులుతుంది. ఒక అంగడిలో పూల మస్లిన్లు, రంగులద్దిన పట్టుబట్టలు, ఇండియా నుంచి వచ్చిన సరకులన్నీ వేలాడుతున్నాయట, దాని పక్కనే నావికుల లాగులూ టోపీలూ, ఆ పై దుకాణంలో తానెన్నడూ చూడనంత అందమైన వెండి పాత్రలు, వాటికి ఆనుకుని ఇనప కుండలూ పారలూ ఉన్నాయట. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు వలందుల ఓడలలో యూరప్ చేరి, అక్కడి నుంచి అట్లాంటిక్ దాటిన కాలం అది. పాలకొల్లులోనో జగన్నాథపురంలోనో బట్టకు బయానా ఇచ్చిన కంపెనీ వారి దేశపు జెండా ఏదో, స్టేషియా కోట మీద ఎగిరిన జెండా కూడా అదే.

ఇంకొక సరకు కూడా ఆ రేవులో ముమ్మరంగా చేతులు మారేది. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషులను అక్కడ దింపి చుట్టుపక్కల దీవులకు అమ్మేవారు. దీవి జనాభాలో పెద్ద వంతు బానిసలే. గిడ్డంగులకు మూటలు మోసిందీ, గట్టు మీది తోటల్లో చెరకు నరికిందీ వారే. స్టేషియాను స్వేచ్ఛా వ్యాపారానికి, అమెరికా స్వేచ్ఛకు ప్రతీకగా పొగిడే రచనలు కొన్ని చదివాను. వాటిలో ఈ మాట చివరి పేరాలో వస్తుంది, కొన్నింటిలో అసలు రాదు. 2021లో ఆ దీవి విమానాశ్రయం దగ్గర తవ్వకాలలో బానిసల శ్మశానం ఒకటి బయటపడి పదుల సంఖ్యలో అస్థిపంజరాలు కనిపించినప్పుడు, ఆ ఎముకలను తవ్వి తీసే పద్ధతి మీద దీవివాసులే నిరసన తెలిపారు. అక్కడ ఒడ్డుకు కొట్టుకువచ్చే నీలి రంగు గాజుపూసలను పర్యాటకులు నేటికీ ఏరుకుంటారు. అవి ఆనాటి వర్తకంలో, బానిసల మధ్య మారకంలో వాడినవి.

అమెరికా వలసలు 1775లో ఇంగ్లండ్ మీద తిరగబడినప్పుడు వారికి అన్నింటికంటె కొరతగా ఉన్నది తుపాకిమందు. పొగాకు, నీలిమందు, బియ్యం వేసుకుని వారి ఓడలు స్టేషియాకు వచ్చేవి, మందుగుండు నింపుకుని తిరిగి వెళ్ళేవి. మందు డచ్చి దేశం నుంచి టీ పెట్టెల్లోనూ బియ్యం పీపాల్లోనూ దాగి వచ్చేదని చెబుతారు. లాభం ఎంత ఉండేదంటే సెయింట్ కిట్స్, ఆంటిగ్వా దీవుల ఇంగ్లీషు వర్తకులు కూడా తమ రాజు శత్రువుకు సరకు అమ్మడానికి స్టేషియాలోనే గిడ్డంగులు అద్దెకు తీసుకున్నారు. ఈ సంగతి తరువాత బయటపడినప్పుడు చాలా పెద్దమనుషుల ముఖాలు వెలవెలబోయాయి.

1776 నవంబరు 16న ఆండ్రూ డోరియా అనే అమెరికన్ యుద్ధనౌక ఆ రేవులోకి వచ్చి, పదమూడు చారల జెండా ఎత్తి, పదమూడు తోపులు పేల్చి వందనం చేసింది. గవర్నరు యోహానెస్ డి గ్రాఫ్ ఆజ్ఞ మీద కోట నుంచి పదకొండు తోపులతో జవాబు వచ్చింది. రెండు తోపులు తగ్గించడంలో మర్యాద ఉంది. వర్తక ఓడకు ఇచ్చే బదులు అది, సర్వస్వతంత్ర దేశపు నౌకకు సరిసమానంగా ఇచ్చేది కాదు. అయినా తిరుగుబాటుదారుల జెండాకు ఒక విదేశీ కోట వందనం చేసిందన్న వార్త లండన్‌ను మండించింది. అంతకు కొన్ని వారాల ముందే డేన్ల దీవి సెయింట్ క్రోయిలో ఇటువంటిది జరిగిందనే వారున్నారు, ఆ వాదనలోకి నేను దిగను. ఇంగ్లండ్ రాయబారి హేగ్‌లో డచ్చి ప్రభుత్వానికి కటువైన పత్రం ఇచ్చాడు, డి గ్రాఫ్‌ను వెనక్కి పిలిపించి విచారించారు, ఆయన నిర్దోషిగా తేలి మళ్ళీ గవర్నరుగానే దీవికి తిరిగి వచ్చాడు. 1939లో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పంపిన ఫలకం ఆ కోట గోడకు ఉంది.

యుద్ధ ప్రకటనకు ఈ దీవి ఒక్కటే కారణమని నేను అనడం లేదు. రష్యా రాణి కేథరిన్ నాయకత్వంలో తటస్థ దేశాలు తమ ఓడల రక్షణకు ఒక కూటమి కడుతున్నాయి, డచ్చివారు అందులో చేరబోతున్నారు. చేరేలోపే వారిని తటస్థులు కాకుండా చేయాలని ఇంగ్లండ్ ఆత్రపడింది. 1780 సెప్టెంబరులో హెన్రీ లారెన్స్ అనే అమెరికన్ ప్రతినిధిని సముద్రం మీద పట్టుకున్నప్పుడు అతడు కాగితాల సంచిని నీళ్ళలోకి విసిరాడు. అది మునగకపోవడంతో ఇంగ్లీషు నావికులు కొక్కెంతో పైకి లాగారు, అందులో ఆమ్‌స్టర్‌డామ్ వర్తకులతో చేసుకున్న ముసాయిదా ఒప్పందం దొరికింది. సాకు దొరికింది కనుక డిసెంబరులో యుద్ధం ప్రకటించారు. ఆ ప్రకటన వెంటనే అడ్మిరల్ రోడ్నీకి వెళ్ళిన ఆజ్ఞలో లక్ష్యంగా స్టేషియా పేరే ఉంది. ఈ దీవి వారి మనసులో ఎంత మెదిలిందో దాన్నిబట్టే తెలుస్తుంది.

జార్జ్ బ్రిడ్జెస్ రోడ్నీ గొప్ప నావికుడే. అంతకు ముందటి యుద్ధంలో 1762లో మార్టినిక్‌ను పట్టినవాడు. అయితే జూదమూ ఎన్నికల ఖర్చూ కలిసి ఆయనను అప్పుల పాలు చేశాయి. ఋణదాతలకు వెరచి పారిస్ పారిపోయాడు, అక్కడా అప్పు చేశాడు, చివరికి ఒక ఫ్రెంచి సేనాపతే, మార్షల్ బిరాన్, సొమ్ము సర్ది ఇంటికి పంపాడు. శత్రుదేశపు పెద్దమనిషి ఉదారంగా ఇచ్చిన అప్పుతో తిరిగి వచ్చిన నౌకాధిపతి, ఆ శత్రుదేశం మీదికే పడవలు నడిపాడన్నది చరిత్రలో చమత్కారమైన ఘట్టం. ఇక్కడ ఆనాటి నౌకాదళపు జీతాల పద్ధతి కూడా తెలియాలి. పట్టుకున్న శత్రు ఓడ, అందులోని సరకు చట్టప్రకారం పట్టినవారికే పంపకమయ్యేవి, నౌకాధిపతికి ఎనిమిదో వంతు దక్కేది. జీతం కంటె ఈ పట్టుబడి సొమ్ము మీదే అధికారుల ఆశలన్నీ ఉండేవి. అరవై రెండేళ్ళ వయసులో అప్పులు తీరని మనిషి చేతికి కరీబియన్‌లో అత్యంత సంపన్నమైన, దాదాపు కాపలా లేని రేవును అప్పగించారు.

1781 జనవరి 27న బార్బడోస్‌లో ఆయనకు ఆజ్ఞ అందింది. ఫిబ్రవరి 3న పదిహేను పెద్ద యుద్ధనౌకలతో, జనరల్ వాన్ కింద సుమారు మూడు వేల సైనికులతో స్టేషియా ముందు నిలిచి, లొంగిపోవడానికి ఒక గంట గడువిచ్చాడు. దీవిలో ఉన్న సైనికులు అరవై మందికి మించరు. యుద్ధం ప్రకటించారన్న కబురే వారికి అప్పటికి అందలేదు. రేవులో ఉన్న ఒకే ఒక డచ్చి యుద్ధనౌక గౌరవం కోసం ఒకటి రెండు తోపులు పేల్చి జెండా దించింది. రెండు రోజుల ముందు బయలుదేరిన డచ్చి వర్తక ఓడల గుంపును రోడ్నీ వెంటాడి పట్టించాడు, దానికి కాపుగా వెళుతున్న రియర్ అడ్మిరల్ క్రుల్ ఆ పోరులో మరణించాడు. ఈ ‘దండయాత్ర’లో నిజంగా పోరాటం అనదగినది అదొక్కటే. రేవులో నూట ముప్పైకి పైగా వర్తక ఓడలు దొరికాయి. గిడ్డంగులూ ఓడలూ కలిపి ముప్పై లక్షల పౌండ్ల పైమాటేనని అంచనా వేశారు. రోడ్నీ కోట మీద డచ్చి జెండాను దించకుండా దాదాపు ఒక నెల రోజులు అలాగే ఎగరనిచ్చాడు. జెండా చూసి స్నేహితుల రేవని నమ్మి వచ్చిన ప్రతి ఓడా చిక్కిపోయింది.

ఆ తరువాత జరిగినదాన్ని ఇంగ్లీషు నౌకాదళ చరిత్రలు చాలాకాలం ఒకటి రెండు వాక్యాలలో దాటవేశాయి. దీవిలోని ప్రైవేటు ఆస్తినంతా, అది డచ్చివారిదా, అమెరికన్లదా, ఇంగ్లీషు ప్రజలదా అన్న విచక్షణ లేకుండా జప్తు చేశారు. దుకాణాలకు తాళాలు వేశారు, లెక్కల పుస్తకాలు లాక్కున్నారు, తినే తిండికి కూడా ఇంగ్లీషువారి అనుమతే కావలసి వచ్చింది. ఈ రాతిబండ బలమైన శత్రువుల ఆయుధాలన్నీ కలిసి చేసినదాని కంటె ఇంగ్లండ్‌కు ఎక్కువ కీడు చేసిందని రోడ్నీ రాసుకున్నాడు, దాన్ని పేరుకు మాత్రమే మిగిలే ఎడారిగా చేస్తానన్నాడు. సమాధి చేయడానికి తీసుకువెళుతున్న శవపేటికలు మరీ ఎక్కువయ్యాయని అనుమానించి ఒకటి తెరిపిస్తే నిండా వెండి బంగారాలు కనిపించాయని ఒక కథ ఆ దీవిలో చెప్పుకుంటారు. కథే కావచ్చు, దాని వెనుక ఉన్న భయం మాత్రం నిజం.

దీవిలోని యూదుల మీద జరిగినది వేరుగా చెప్పాలి. వారు అక్కడ 1739లో కట్టుకున్న ప్రార్థనామందిరపు గోడలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఫిబ్రవరి 13న వారి మగవారిని నూట ఒక్క మందిని ఒకచోటికి పిలిపించి, బట్టల లోపలి అస్తరు చించి మరీ సొమ్ము వెదికి లాక్కున్నారు. ముప్పై మందిని భార్యాబిడ్డలకు కబురైనా పంపనివ్వకుండా ఓడెక్కించి సెయింట్ కిట్స్‌కు పంపేశారు, మిగిలినవారిని తూకం వేసే భవనంలో మూడు రోజులు నిర్బంధించారు. వారిలో కొందరు ఇంగ్లండ్ రాజు పక్షాన నిలిచి, ఆ కారణానికే అమెరికాలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని ఈ దీవికి చేరినవారు. ఇతర జాతుల వర్తకులను కూడా తరిమారు కానీ ఇలా గుడ్డలు ఊడదీసి వెదకడం యూదులకే ప్రత్యేకించారు.

1781 మేలో ఎడ్మండ్ బర్క్ ఈ సంగతులన్నీ పార్లమెంటులో లేవనెత్తాడు. తరువాతి కాలంలో వారెన్ హేస్టింగ్స్ మీద మన దేశపు అన్యాయాలను ఎకరువు పెట్టిన బర్క్ ఈయనే. లొంగిపోయిన జనం విజేత రక్షణలోకి వస్తారనీ, వారి సొంత ఆస్తిని ముట్టుకునే హక్కు యుద్ధనీతిలో విజేతకు లేదనీ ఆయన వాదన. వేలంలో చవకగా పోయిన సరకు దొడ్డిదారిన తిరిగి శత్రువుల దీవులకే చేరిందన్న ఆరోపణ కూడా సభలో వచ్చింది. విచారణ కోరిన తీర్మానం అప్పుడూ ఓడింది, డిసెంబరులో రోడ్నీ స్వయంగా సభలో కూర్చున్నప్పుడూ ఓడింది. ప్రభుత్వానికి మెజారిటీ ఉంది, పైగా పట్టుబడిలో తన వాటాను రాజు అప్పటికే సేనలకు దానం చేసేశాడు. తమ ఆస్తి అక్రమంగా తీసుకున్నారని ఇంగ్లీషు వర్తకులు మాత్రం రోడ్నీ మీద ఏళ్ళ తరబడి దావాలు నడిపారు. 1792లో ఆయన పోయేనాటికి కూడా అప్పులు ఆయనను వదలలేదు.

నన్ను అడిగితే, స్టేషియా ఘట్టంలో అసలు చెప్పవలసిన సంగతి సముద్రం మీద ఉంది, పార్లమెంటులో కాదు. ఫిబ్రవరి నుంచి మే మొదటి వారం దాకా రోడ్నీ ఆ రేవును వదలలేదు. సరకు లెక్కించడం, వేలాలు వేయడం, ఓడలు నింపడం ఆయన పనులయ్యాయి. ఆయన కింది అధికారి శామ్యూల్ హుడ్ మార్టినిక్‌కు గాలి వచ్చే వైపున నిలిచి, ఫ్రాన్స్ నుంచి వచ్చే కొత్త నౌకాదళాన్ని అడ్డుకోవాలనుకున్నాడు. తెరచాప ఓడల కాలంలో గాలి ఎవరి వైపు ఉందన్నదే సగం యుద్ధం. స్టేషియాలోని సొత్తుకు ముప్పు వస్తుందేమోనని రోడ్నీ హుడ్‌ను గాలి వెళ్ళే వైపుకు దించాడు. ఏప్రిల్ చివర అడ్మిరల్ డి గ్రాస్ ఇరవై పెద్ద నౌకలతో వచ్చినప్పుడు హుడ్ ఆయనను ఆపలేకపోయాడు. మే 2న, స్టేషియా సొత్తు నింపుకుని ఇంగ్లండ్ చేరబోతున్న ఓడల గుంపుపై ఫ్రెంచి నౌకాధిపతి లా మోట్ పికే దాడి చేసి ఇరవై రెండు ఓడలు పట్టుకుపోయాడు. అడ్మిరల్ ఎన్నో వారాలు కాపలా కాసిన సొమ్ములో పెద్ద భాగం ఆ విధంగా పరాసుల పాలయింది. జూన్‌లో టొబాగో పోయింది. ఆగస్టు 1న రోడ్నీ అనారోగ్యం పేరుతో ఇంటిదారి పట్టి, హుడ్‌ను పద్నాలుగు నౌకలతో మాత్రమే ఉత్తరానికి పంపాడు. డి గ్రాస్ ఇరవై ఎనిమిది నౌకలతో అమెరికా తీరంలోని చెసపీక్ అఖాతం చేరాడు. సెప్టెంబరు 5న అక్కడ ఇంగ్లీషువారు పంతొమ్మిది నౌకలతో పోరాడి వెనుదిరిగారు, సముద్రం వైపు దారి మూసుకుపోయిన ఇంగ్లీషు సేనాపతి కార్న్‌వాలిస్ అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో లొంగిపోయాడు. మన దేశానికి తరువాత గవర్నర్ జనరల్‌గా వచ్చిన కార్న్‌వాలిస్ ఈయనే. యార్క్‌టౌన్‌కు స్టేషియా ఒక్కటే కారణమని చెప్పడం అతిశయోక్తి అవుతుంది, న్యూయార్క్‌లోని ఇంగ్లీషు అధికారుల జాప్యమూ తక్కువది కాదు. అయితే తిరుగుబాటుకు మందుగుండు అందించిందన్న కసితో రేవును కొల్లగొట్టడంలో నెలలు గడిపి, ఆ తిరుగుబాటు గెలవడానికి దారి ఇచ్చినవాడిని చూస్తే ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నవాడు గుర్తుకు రాక మానడు. హుడ్ తన ఉత్తరాలలో పై అధికారి ధనాశను దాచకుండా తిట్టిపోశాడు.

ఆ దీవి కూడా ఇంగ్లీషువారి చేతిలో ఏడాది నిలవలేదు. 1781 నవంబరు 26 తెల్లవారుజామున మార్టినిక్ ఫ్రెంచి గవర్నరు మార్క్విస్ ద బుయ్యే వెనుక వైపు నుంచి దిగాడు. అలల ఉధృతికి పడవలు పగిలి, తెచ్చిన పదిహేను వందల మందిలో నాలుగు వందల మందే ఒడ్డు చేరారు. అది చాలింది, ఎందుకంటే ముందున్న దళం ఫ్రెంచి కొలువులోని ఐరిష్ సైనికులది, వారివి ఎర్ర కోట్లు. కవాతు చేస్తున్న ఇంగ్లీషు సైనికులు తమవారే వస్తున్నారనుకున్నారు. పొద్దున గుర్రం మీద షికారుకు బయలుదేరిన కోట అధిపతి కాక్‌బర్న్ దారిలోనే పట్టుబడ్డాడు. సేనల జీతాలకని దాచిన సొమ్మంతా ఫ్రెంచివారి చేతికి పోయింది. రోడ్నీ అదృష్టం బాగుండి 1782 ఏప్రిల్ 12న సెయింట్స్ దీవుల దగ్గర డి గ్రాస్‌నే ఓడించి బందీగా పట్టుకున్నాడు, బిరుదు పొందాడు, స్టేషియా లెక్క అడిగేవారి నోళ్ళు మూతపడ్డాయి. పాఠ్యపుస్తకాల్లో రోడ్నీ పేరు వచ్చేది ఆ విజయం దగ్గరే.

ఇక మన తీరం సంగతి. అదే యుద్ధ ప్రకటన కబురు ఆఫ్రికా కొనను చుట్టి మద్రాసు చేరేసరికి 1781 నడిమి కాలం అయింది. అప్పటికి హైదర్ అలీ ఆర్కాటు చుట్టుపక్కలి కర్ణాటిక్ సీమనంతా ఊపేస్తున్నాడు, మద్రాసు దొరలకు చేతినిండా కష్టాలున్నాయి. అయినా డచ్చి రేవుల మీద పడటానికి వారు ఆలస్యం చేయలేదు. సద్రాస్, పులికాట్ పెద్ద ప్రతిఘటన లేకుండానే పోయాయి, ఉత్తరాన పాలకొల్లు, జగన్నాథపురం, భీమునిపట్నం కూడా అలాగే పోయాయి. ఇక్కడి డచ్చి గుమాస్తాలకూ స్టేషియా గవర్నరుకూ పట్టిన గతి ఒకటే, తమ దేశం యుద్ధంలో ఉందన్న సంగతి శత్రువు చెబితే గానీ తెలియలేదు. నాగపట్నం మాత్రం హైదర్ సేనల తోడుతో కొన్ని వారాలు నిలిచి నవంబరు 12న లొంగింది. అంటే ఆంగ్లేయులు నాగపట్నం గెలిచిన రెండు వారాలకే స్టేషియా పోగొట్టుకున్నారు. 1782 జనవరిలో సింహళంలోని ట్రింకోమలీని అడ్మిరల్ హ్యూస్ పట్టుకుంటే, ఆగస్టు చివర ఫ్రెంచి నౌకాధిపతి సుఫ్రెన్ లాక్కున్నాడు. ఆ రేవు కోసం ఆ ఇద్దరూ బంగాళాఖాతంలో చేసిన పోరాటాల మీద వేరే వ్యాసమే రాయవచ్చు. 1784 మే నెలలో సంధి కుదిరినప్పుడు డచ్చివారు తమ రేవులు చాలావరకు తిరిగి పొందారు, నాగపట్నం మాత్రం శాశ్వతంగా వదులుకున్నారు, తూర్పు సముద్రాలలో ఇంగ్లీషు ఓడలకు దారి ఇచ్చారు. స్టేషియాను ఫ్రెంచివారు వారికి తిరిగి అప్పగించారు. అక్కడి వ్యాపారం కొన్నేళ్ళు మళ్ళీ కోలుకుంది కూడా. రోడ్నీ శపథం చేసిన ఎడారి 1795 తరువాతి ఫ్రెంచి పన్నుల కాలంలో గానీ నిజం కాలేదు. గిడ్డంగుల పునాదులు కొన్ని నేడు ఒడ్డున ఇసుకలోనూ, కొన్ని సముద్రపు నీటి అడుగునా ఉన్నాయి.

అందువల్ల మీ వ్యాసంలో ఒక దిద్దుబాటు అవసరమని సవినయంగా మనవి చేస్తున్నాను. 1781తో భీమిలి వలందుల కథ ముగియలేదు. సంధి తరువాత ఆ రేవు వారికి తిరిగి దక్కింది. 1795లో ఫ్రెంచి సేనలు హాలండ్‌ను ఆక్రమించినప్పుడు ఆంగ్లేయులు మళ్ళీ పట్టుకున్నారు, నెపోలియన్ యుద్ధాలు ముగిశాక మరొకసారి తిరిగి ఇచ్చారు, 1824లో లండన్‌లో కుదిరిన ఒప్పందాన్ని అనుసరించి 1825లో గానీ అది శాశ్వతంగా వారి చేయి దాటలేదు. మీ విలేకరి ఫొటోలు తీసిన ఆ సమాధుల గురించి రెండో భాగం వేసే ఉద్దేశం ఉంటే, 1781 అన్న సంవత్సరం పక్కన స్టేషియా దీవి పేరును కూడా ఒక వాక్యంలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
విశాఖపట్నం.